ముందుకు పోని మనిషి

వెనక మళ్లీ అవే అడుగులు.

వసుధ ఆగింది. ఆమె ఎడమ పక్కన నవాబు కూడా ఆగాడు.

వెనక అడుగులూ ఆగిపోయాయి.

మెట్టుగూడలో ఇంటి నుంచి మెట్రో స్టేషన్‌కి నడిచే దారిలో పొద్దున పూట ఈ వరస మొదలై చాలా రోజులైంది. కాస్త ఈడ్చినట్టుండే చెప్పుల చప్పుడు. ఆమె నడిస్తే నడుస్తాడు, ఆగితే ఆగుతాడు. దగ్గరికి రాడు, దాటి పోడు.

వసుధకు పుట్టుకతోనే చూపు లేదు. నవాబు ఆమెకు దారి చూపడానికి శిక్షణ పొందిన కుక్క. వాడు రాకముందు అమ్మ కమలాబాయి చెయ్యి పట్టుకుని ఆఫీసు దాకా దిగబెట్టేది. వాడొచ్చాక వసుధ ఒక్కతే వెళ్తోంది. గుంతలు తప్పిస్తాడు, ఆటోలు తప్పిస్తాడు. మిర్చి బండి దగ్గర మాత్రం కొంచెం ఆలోచిస్తాడు. ఎదురొచ్చేవాళ్లు తప్పుకుంటారని అమ్మ వాడి మెడలో గజ్జెలు కట్టింది.

వెనక అడుగుల సంగతి అమ్మకు చెప్పలేదు. చెబితే మర్నాటి నుంచి మళ్లీ చెయ్యి పట్టుకుంటుంది. వసుధకు ఆ మనిషంటే ఎంత భయమో, ఆ చెయ్యంటే అంత భయం.

ఇవాళ తెగించింది. పక్కకు జరిగి గోడకు ఆనుకుంది.

"మీరు ముందు పోండి."

చేత్తో దారి చూపించింది.

"మిమ్మల్నే. దారి ఇచ్చిన గదా."

"పర్వాలేదు మేడం. మీరే నడువున్రి." మగ గొంతు. వయసు మళ్లిన గొంతు.

"నా ఎనకనే ఎందుకొస్తున్నరు?"

అతను గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయి మానుకున్నట్టనిపించింది.

"నేను సుత మెట్రోకే మేడం."

అయినా ముందుకు కదల్లేదు.

నవాబు గుర్రుమనలేదు, మొరగలేదు. దారి చూపే కుక్కలకు మొరగొద్దని నేర్పుతారు. ఆ సంగతి తెలిసి కూడా ఆమెకు వాడి మీద కోపమొచ్చింది.

"నడువు నవాబూ."

వెనక అడుగులు కూడా నడిచాయి.

స్టేషన్ మెట్ల దగ్గర ఆటో తోలే ఏసురత్నం రోజూ పలకరిస్తాడు. వసుధ అతని గొంతు వినగానే దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

"ఏసన్నా, నా ఎనక ఒకాయన ఉన్నడా?"

"ఉన్నడక్కా. ఇస్త్రీ షర్టు, చేతిల టిఫిన్ బాక్సు. మంచిగనే ఉన్నడు."

"నన్ను చూస్తుండా?"

ఏసురత్నం ఆటో దిగిన చప్పుడైంది.

"నీ దిక్కే మొకం పెట్టి నిలబడ్డడక్కా. రెప్ప సుత కొడతలేడు. నేను సూస్తున్నా ఆయనకు ఫికర్ లేదు. కాలర్ పట్టుకోవాల్నా?"

వసుధ నవాబు పట్టీని గట్టిగా పట్టుకుంది.

"వద్దన్నా. లొల్లి అయితే అమ్మకు తెలుస్తది."

ఆ రోజంతా ఆఫీసులో ఫోన్లు ఎత్తుతూ అదే ఆలోచించింది. అతను ఎప్పుడూ సందు మలుపు దగ్గరే వెంట పడుతున్నాడు. తను వస్తున్నట్టు ఎలా తెలుస్తోంది? గజ్జెలే చెబుతున్నాయి. ఊరంతా వినేలా గజ్జెలు మోగించుకుంటూ వెళ్లి, దొంగ వెంటపడ్డాడని భయపడితే ఎట్లా?

మర్నాడు గేటు దాటగానే గజ్జెలు విప్పి బ్యాగులో వేసుకుంది.

మలుపు దగ్గర ఊపిరి బిగబట్టింది. అక్కడ ఎవరో నిలబడి ఉన్నారు. రోజూ వెనక వచ్చే కొబ్బరినూనె వాసనే. ఆ మనిషి పక్కనుంచే వెళ్లింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

అతను కదల్లేదు.

నాలుగడుగులు నడిచి చెవులు రిక్కించింది. వెనక ఎవరూ రావడం లేదు. అతను ఫోన్లో మునిగిపోయి తనను చూడలేదేమో. స్టేషన్ చేరేసరికి నవ్వొచ్చింది. నవాబుకు బిస్కెట్టు పెట్టింది.

ఆ తర్వాతి రోజు మలుపు దగ్గర వాసన కూడా లేదు. ఆ మరునాడూ లేదు. పీడ విరగడైందనుకుంది. తన దారి తనకు దక్కింది.

ఆదివారం పొద్దున ఎవరో తలుపు తట్టారు. కమలాబాయి తీసింది.

"గజ్జెల కుక్క ఉండే ఇల్లు ఇదేనామ్మా? నా పేరు సుమిత్ర. ఎనక సందుల ఉంటం. మా ఆయన పొద్దుగాల మీ బిడ్డ ఎనకనే మెట్రో దిక్కు పోతుండె."

లోపల్నుంచి వసుధ విసురుగా వచ్చింది.

"ఆయన మీ ఆయననా? భయంతోటి నేను సచ్చిపోయిన. అడిగితే చెప్పడు, దారిస్తే పోడు."

"ఏందే ఇది? నాకెందుకు చెప్పలే?" అంది కమలాబాయి.

సుమిత్ర గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె గొంతులో కోపం లేదు.

"దవాఖానల ఉన్నడమ్మా. రోడ్డు పక్క తవ్విడిసిపెట్టిన గుంతల పడ్డడు. తుంటి ఇరిగింది. మల్ల నడుస్తడో లేదో చెప్పలేమన్నరు."

వసుధకు ఆ గుంత తెలుసు. అక్కడికి రాగానే నవాబు ఆమెను కుడివైపుకు తిప్పేస్తాడు.

"ఎప్పుడు పడ్డరు?" అని అడిగింది.

"బుధారం పొద్దుగాల."

గజ్జెలు విప్పిన రోజు. వసుధ తలుపు పట్టుకుంది.

"మంచంల పడి సుత మీ కుక్క ముచ్చటే," అంది సుమిత్ర. "ఆ పొద్దు గజ్జెలు ఇనరాలే, దాని పానం బాగుందో లేదో పోయి సూసి రమ్మన్నడు."

"అంత పెద్ద గుంత. చూసుకోని నడవొద్దా?" అంది వసుధ.

సుమిత్ర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పుస్తకాల బైండింగు చేతులకు అలవాటుంది గనక పని నడిచిపోతుండె. దుకాణం షేటుకు తెలిస్తే తీసేస్తడని ఎవలకు చెప్పలే గని, ఆయనకు సుత కండ్లు కనబడవమ్మా."