దిగిన భుజం

"మళ్ళీ తప్పే!" అన్నాడు యజమాని మొస్సియే లాంబెల్, స్టాండు బొమ్మకి తొడిగిన గౌను చుట్టూ తిరిగి చూసి.

పారిస్‌లో ఆయన గౌన్లకి పెద్ద పేరు. ఆయన కుట్టుగదికి ఓదిల్ పెద్ద. ఆయన గీసిన డ్రాయింగ్ చూసి ముతక గుడ్డతో నమూనా కుట్టడం ఇది మూడోసారి.

"సాయంత్రానికి కుదరకపోతే ఈ డ్రాయింగ్ పై అంతస్తు కుట్టుగది వాళ్ళకిచ్చేస్తాను" అనేసి వెళ్ళిపోయాడు.

పై అంతస్తు వాళ్ళకా! ఇంకేముంది, ఓదిల్ పరువు మంటగలిసినట్టే.

గోడకున్న డ్రాయింగ్‌ని కొరకొరా చూసింది. నాలుగు గీతల్లో ఒక ఆడమనిషి. మొహమైనా లేదు. నడుం దగ్గర అందమైన మడత. అదే గుడ్డలో పడి చావడం లేదు.

"ఇస్త్రీ పనేమైనా ఉందా అమ్మా?"

గుమ్మంలో ఒక ముసలావిడ, చేతిలో బట్టల మూటతో. యాస పడమటి తీరంలోని బ్రిటనీ పల్లెలది.

"నీ పేరు?"

"మారీవొన్."

"ఖాళీల్లేవు. వెళ్ళిరా."

ఆవిడ కదల్లేదు. డ్రాయింగ్ వైపే చూస్తోంది.

"ఎడమ భుజం కిందికి గీశారుగా. మీరు సమంగా కుట్టారేం?"

కుట్టే అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

"ఆయన చెయ్యి జారుంటుంది. అలాంటివి సరిచెయ్యడమే మా పని. నీ దగ్గరా నేర్చుకోవాలి?" అంది ఓదిల్.

"జారలేదమ్మా. ఆ చేత్తో ఏదో మోస్తోంది. భుజం దిగితేనే మడత పడుతుంది."

అంతే, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఓదిల్ మూతి తిప్పుకుంది. చేతులు మాత్రం ఊరుకోలేదు. బొమ్మ ఎడమ భుజం మీది దూది పీకేసి, గుడ్డని కాస్త వదులు చేసింది.

మడత దానంతటదే పడింది.

అమ్మాయిల కేకలకి లాంబెల్ పరుగున వచ్చాడు. వంగి ఆ మడతని వేలితో తడిమి చూశాడు.

"నీకెలా తట్టింది?"

నాకే తట్టిందనాలని నోటిదాకా వచ్చింది. కానీ ఓదిల్‌కి సిగ్గేసింది.

"నాకు కాదు మొస్సియే. ఎవరో మారీవొన్ అట. పని కోసం వస్తే ఇప్పుడే పంపేశాను."

ఆయన టోపీ కూడా పెట్టుకోకుండా మెట్ల మీద పరుగెత్తాడు.

రొప్పుతూ తిరిగొచ్చాడు. ఆ మూట ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. పక్కన ముసలావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

ఓదిల్ గబగబా తన కుర్చీ జరిపింది. "కూర్చోండి మదాం!"

"ఊరి బట్టలుతికి నన్ను పెంచింది, ఓదిల్" అన్నాడు లాంబెల్. "యుద్ధంలో పోయిందన్నారు. ఇక చూడలేననుకుని ఆ డ్రాయింగ్‌లో గీసుకున్నది ఈవిడనే."