ఎవరి వెనక ఎవరు

“ఇంకోసారి వాయిద్దామా, నాన్నా?” మైకు దగ్గరికి వంగి అడిగింది కూతురు.

అద్దానికి అవతల డ్రమ్ముల వెనక కూర్చున్న తండ్రి, హెడ్‌ఫోన్లు సర్దుకుని తలూపాడు.

ఇంట్లో ఉన్న పెద్ద గదిని రెండుగా విడగొట్టి ఆమె రికార్డింగ్‌కి వాడుకుంటోంది. పాట మొదలుపెట్టే ముందు కంప్యూటర్‌కి శ్రుతి ఏదో, తాళం ఏదో, వేగం ఎంతో చెప్పాలి. ఆపైన అది గడియారంలా టిక్కు టిక్కుమంటూ క్లిక్ వేస్తుంది. వాయించేవాళ్లు దాన్ని చెవిలో పెట్టుకుని, నోరు మూసుకుని దాని వెంట నడవాలి. ఎంతటి విద్వాంసుడు తప్పినా అది తప్పదు. దానికి మొహమాటం కూడా లేదు.

ఈ పాట కట్టింది ఆమె తల్లి. కీబోర్డు వాయించేది. చేతులు నెమ్మదించే జబ్బు ఒకటి అమ్మమ్మని తీసుకుపోయి, తర్వాత అమ్మనీ పట్టుకుంది. వేళ్లతో మొదలై, చివరికి ముద్ద మింగలేని స్థితికి తెచ్చింది. ఆవిడ పోయిన ఇన్నాళ్లకి పాత బృందంవాళ్లు ఆ పాటను రికార్డు చేద్దామన్నారు. శనివారం పెద్ద స్టూడియోలో అందరూ కలిసి వాయించాలి. డ్రమ్ముల దగ్గర తానే కూర్చుంటానని తండ్రి పట్టుబట్టాడు. ఆవిడ పాటకి డ్రమ్ముల మీద వేరేవాళ్ల చెయ్యి పడితే ఒప్పుకోనన్నాడు.

బృందంలోని గిటారు మాస్టారు మాత్రం కూతురికి విడిగా ఫోన్ చేశాడు. మీ నాన్నకి వయసు మీద పడింది కదా, చెయ్యి నిలబడుతుందో లేదో నువ్వే చూసి ఈ సాయంత్రం చెప్పు, లేదంటే ఇంకొకర్ని పిలుచుకుంటాను అన్నాడు.

ఆమె భయమూ అదే. చాలా ఏళ్ల తర్వాత డ్రమ్ము కర్రలు పట్టిన మొదటి రోజు, ఆయన రెండు చోట్ల క్లిక్ తప్పాడు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు. ఆ ముఖం ఆమె చూడలేకపోయింది. మర్నాటి నుంచి మెషిన్ క్లిక్ ఆపేసి చిన్న మోసం మొదలుపెట్టింది. మీట మీద వేలితో దెబ్బలు వేస్తూ పోతే, సాఫ్ట్‌వేర్ ఆ వేలి వేగాన్నే క్లిక్‌గా మార్చి వినిపిస్తుంది. అద్దంలోంచి ఆయన కర్రనే చూస్తూ ఆమె వేలు వేసేది. క్లిక్ ఆయన వెనక నడుస్తుంది, క్లిక్ వెంట తానే నడుస్తున్నానని ఆయన అనుకుంటాడు. అందరికీ సుఖం.

కానీ ఆ మోసం కూడా ఆయన్ని కాపాడలేదు. పాట హుషారుగా మొదలయ్యేది, రెండో చరణానికి కాళ్లీడ్చేది. కంప్యూటర్ తెర మీద వేగం అంకె తొంభై ఆరు నుంచి దిగుతూ దిగుతూ ఎనభైకి చేరేది. ఇవాళ మరీ అధ్వానంగా, మెట్లెక్కుతున్న ముసలాయనలా ఆగి ఆగి నడిచింది.

పాట ముగిశాక ఆయన ఇవతలికి వచ్చాడు. ఆమె నీళ్ల సీసా అందుకోబోతే, తానే తీసుకుని మూత తిప్పి ఇచ్చాడు. పొద్దున కూడా అంతే. ఆమె ఫోన్ మాట్లాడుతూ స్వెటర్ బొత్తాంతో తంటాలు పడుతుంటే, చంటిపిల్లకి పెట్టినట్టు వచ్చి పెట్టాడు. తన చేతులకేం కాలేదని చూపించుకోవడానికే ఈ పాట్లన్నీ అని ఆమెకి తోచింది. ఇక దాచి లాభం లేదనుకుంది.

“శనివారం నువ్వు నా పక్కన కూర్చుని విను నాన్నా. వాయించడం వద్దులే.”

“క్లిక్ తప్పుతున్నానా?”

“కొంచెం వెనకబడుతున్నావు.”

ఆయన చేతిలోని కర్రని వేళ్ల మధ్య తిప్పాడు.

“ఆ క్లిక్ మెషిన్‌ది కాదుగా, చిట్టీ.”

ఆమె తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. మెషిన్‌కి నీరసం రాదని, జీవితమంతా దాని వెంట తిరిగినవాడికి ఆ మాత్రం తెలీదా అని ఆయన అన్నాడు. మరి ముందే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. ఆయన లేచి డ్రమ్ముల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

“ఈసారి అసలు క్లిక్ పెట్టు” అని కళ్లు మూసుకున్నాడు.

ఆమె పెట్టింది. ఆయన మొదటి నుంచి చివరి దాకా వాయించాడు. తెర మీద ప్రతి దెబ్బా క్లిక్ గీత మీదే పడింది, వెంట్రుకవాసి కూడా జరగలేదు. రెండో చరణం వచ్చింది, పోయింది. పాట ఎక్కడా కాళ్లీడ్చలేదు.

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అప్పటికప్పుడే గిటారు మాస్టారుకి ఫోన్ చేసి, ఇంకొకరెవరూ అక్కర్లేదు, నాన్నే వాయిస్తాడు అని చెప్పేసింది. తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తి ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది.

“ఇంత చక్కగా వాయించేవాడివి, ఇన్ని రోజులూ నన్నెందుకు ఏడిపించావు?”

“క్లిక్ నెమ్మదించింది, దాని వెంట నేనూ నెమ్మదించాను. క్లిక్‌ని వదలకూడదు కదమ్మా.”

“నేను నీ వెంటే కదా నాన్నా వేలు వేసింది?”

ఆయన నవ్వలేదు. గెలిచినవాడి ముఖం కాదది. కర్రలు పక్కన పెట్టి, ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముడుచుకుని ఉన్న చూపుడువేలిని మెల్లగా సాగదీసి నిమిరాడు.

“తప్పు నా చేతిదే కావాలని రోజూ దేవుణ్ణి అడుక్కున్నాను, చిట్టీ.”

ఆమెకి అర్థం కాలేదు. ఆయన ఆ వేలిని వదలకుండా అన్నాడు.

“మీ అమ్మకి కూడా మొదట నెమ్మదించింది ఈ వేలే.”