గాజుపళ్ళెంలో ఆకు రసం

"కత్తీ వద్దు, కోతా వద్దు. నాకీ ఆకు రసమే చాలు," అంటూ ఆ ఇల్లాలు ఫ్లాస్కును డాక్టరమ్మ బల్ల మీద ఠపీమని పెట్టింది.

మూత సందులోంచి పచ్చటి చుక్క కారి స్కాన్ రిపోర్టు మీద పడింది. డాక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. రొమ్ములో గడ్డ ఇంకా చిన్నదే, ఇప్పుడే తీసేస్తే గండం గడిచినట్టేనని చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది. ఈ మహాతల్లేమో ఆపరేషన్‌ను ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించింది. గడ్డ చూస్తే ఆగేలా లేదు.

మనిషిని చూడగానే జాతకం మొత్తం చెప్పేయగలనని డాక్టరమ్మకు గొప్ప ధీమా. పక్క కుర్చీలో ముడుచుకు కూర్చున్న భర్తను ఒక్క చూపులో తేల్చిపారేసింది. నలిగిన చొక్కా, పసరంటిన గోళ్ళు, ఒళ్ళో ఆకుల సంచీ. పొద్దున్నే లేచి పెళ్ళానికి ఆకులు నూరిపెట్టే నోరులేని జీవి అనుకుంది.

"ఈ రసం గొడవ మీకెవరు చెప్పారమ్మా?"

"ఒకళ్ళు చెప్పడమెందుకు? పేపర్లోనే పడింది. ఈ ఆకు సారం క్యాన్సర్ కణాల్ని పెరక్కుండా ఆపుతుందని కనిపెట్టారు," అంటూ ఇల్లాలు పర్సులోంచి మడతలు చిరిగిన పేపరు ముక్క తీసింది.

డాక్టరమ్మ దాన్ని ముట్టుకోనైనా లేదు. వారానికొకరు ఇలాంటి ముక్క పట్టుకుని రావడం ఆవిడకు మామూలే.

"ఆగింది గాజుపళ్ళెంలో పెంచిన కణాలమ్మా, మనిషి ఒంట్లోవి కాదు. నేరుగా నెత్తిన పోస్తే కిరసనాయిలు కూడా వాటిని చంపుతుంది. అలాగని తాగుతామా?"

"అదీ మాట!" భర్త ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. "నేనూ అదే మొత్తుకుంటున్నానండీ. ఎలుకలకైనా ఇచ్చి చూడలేదింకా. తాగింది పొట్టలో అరిగిపోగా గడ్డ దాకా ఎంత చేరుతుందో ఎవరికీ తెలీదు."

"చూశారా, మీవారికి చక్కగా అర్థమైంది."

"ఈయన మాట పట్టించుకోకండి. తలుపు తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసే మనిషి, అన్నీ అనుమానాలే," అంది ఇల్లాలు. తర్వాత ఆమె గొంతు మారిపోయింది. "దీన్ని కనిపెట్టినాయన ఈ ఆకు కోసం ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు డాక్టరమ్మా. తిండీ నిద్రా మానేసి, కళ్ళు పోయేలా ఆ పళ్ళేలు చూస్తూ కూర్చున్నారు. మహానుభావుడు!"

భర్త ముఖం మాడిపోయింది. ఆకుల సంచీ కేసి చూస్తూ తల దించుకున్నాడు. డాక్టరమ్మకు విషయం ఇట్టే తెలిసిపోయింది. కట్టుకున్న పెళ్ళాం ఎవడో పరాయి మగాణ్ణి నెత్తికెత్తుకుంటే ఏ మొగుడికి మాత్రం మండదు? పాపం అనిపించి అతని పక్షం చేరింది.

"మహానుభావుడా! పళ్ళెంలో నాలుగు కణాలు ఆగగానే పేపరువాళ్ళ ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. అది చదివి ఎవరి ప్రాణం మీదికొస్తుందోనన్న ఇంగితం ఉండక్కర్లా?"

"ఇంకొక్క మాటంటే ఊరుకోను!"

"అననీవే," అన్నాడు భర్త. "ఇంకో నాలుగు వడ్డించండి డాక్టరుగారూ. నా కడుపు చల్లబడుతోంది."

డాక్టరమ్మ వడ్డించింది. బుర్రలేనివాడంది, పేరు పిచ్చోడంది. ఒక్కో తిట్టుకూ భర్త భక్తిగా తల ఊపాడు. ఇల్లాలికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"నాకు కత్తంటే భయం," అంది చివరికి. "బల్ల మీద పడుకుంటే మళ్ళీ లేస్తానో లేదో. ఈ రసం తాగితే, ఆయన పడ్డ కష్టమే నన్ను కాపాడుతుందని ధైర్యం."

డాక్టరమ్మ కోపం చల్లారిపోయింది. లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోనీ, ఆయన సంగతే చూద్దాం. ఈ గడ్డ ఆయన భార్యకే వచ్చిందనుకోండి. రసం పోస్తూ కూర్చుంటాడా, నా దగ్గరికి తీసుకొస్తాడా?"

ఇల్లాలు మెల్లగా భర్త వైపు తిరిగింది.

"చెప్పండి. ఏం చేస్తారు?"

"ఆకులన్నీ చెత్తకుప్పలో పోసి పరుగున తీసుకొస్తాడు," అన్నాడు. "ఆకు పోతే ఇంకో ఆకు దొరుకుతుందే. ఆవిడ పోతే?"

తన బాధనే పరాయివాడి పేరు మీద చెప్పుకుంటున్నాడు కాబోలనుకుంది డాక్టరమ్మ. ఆవిడకూ మనసు కలుక్కుమంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఇల్లాలు లేచి, ఫ్లాస్కు మూత తీసి, చేతులు కడుక్కునే సింకులో రసమంతా ఒంపేసింది.

"రేపే చేసెయ్యండి డాక్టరమ్మా. ఆలస్యమైతే నా మనసు మళ్ళీ మారుతుంది."

భర్త రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. డాక్టరమ్మ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. వాళ్ళను సాగనంపుతూ తలుపు దగ్గర ఇల్లాలి చెవిలో గుసగుసలాడింది.

"ఆయన మీకు బాగా తెలిసినవాడిలా ఉన్నాడు. నేను తిట్టినవన్నీ పొరపాటున కూడా చెప్పకండేం. తర్వాత మొహం చూపించలేను."

ఆ ఇల్లాలు ఆ రోజు మొదటిసారి నవ్వింది.

"చెప్పడమెందుకు డాక్టరమ్మా, మీ ఎదురుగానే కూర్చుని విన్నారుగా!"