కందిరీగ

"ఒరేయ్ శవమా, కదులు!"

ఫోన్ తెర మీద కందిరీగ తిట్టు పడింది. ఆట మొదలై ఇంకా బంట్లయినా సరిగ్గా కదల్లేదు.

డ్రైవరుగారికి కోపం రాలేదు. పక్షవాతం వచ్చాక కుడిచేతికి పట్టిన తిమ్మిరి మనసుకూ పాకింది. గిల్లినా గిచ్చినా ఒకటే. జీవితమంతా బస్సు స్టీరింగును ఆడించిన చెయ్యి, ఇప్పుడు ఒక గుర్రాన్ని జరపడానికి నానా అవస్థా పడుతోంది. "రోజూ ఆ చేతికి పని చెప్పండి. మానేశారో, ఇక అంతే" అన్నాడు డాక్టరు.

అందుకే ఈ ఫోన్ చదరంగం. ఇంట్లో ఉన్న రెండు ఫోన్లలోనూ కూతురే ఎక్కించింది. తండ్రికి 'స్టీరింగు' అని పేరు కూడా తనే పెట్టింది. తల్లికీ పెట్టబోతే, "నాకెక్కడ తీరుతుందే తల్లీ!" అని ఆవిడ నవ్వేసింది.

చుట్టుపక్కల వాళ్లను వెతికి జత కలుపుతుంది ఆ ఆట. ముఖాలుండవు, మారుపేర్లే. ఈయనకు కందిరీగ తగులుకుంది. రోజూ భోజనాలయ్యాక తయారు.

"నీకోసం కాచుకునే నా బతుకు తెల్లారిపోతోంది. చావవు, కదలవు!"

ఆయన వేలు ఏనుగు మీదికి మెల్లగా పాకింది.

వంటింట్లో కుళాయి ధార పడుతూనే ఉంది. భార్య అక్కడుంది. ఆవిడ సంగతి వీధంతటికీ తెలుసు. నోట్లో నాలుక లేని మనిషి. మొగుణ్ని పసివాడిలా లేపి కూర్చోబెడుతుంది, తినిపిస్తుంది, తుడుస్తుంది. ఇన్నేళ్లలో పల్లెత్తు మాట అనలేదు. చూడొచ్చినవాళ్లు "మహాతల్లి!" అంటే, దానికీ నవ్వి ఊరుకుంటుంది.

ఆ రోజు కూతురు చూడ్డానికి వచ్చింది. తండ్రి పక్కన కూర్చుని తెరలోకి తొంగిచూసింది.

"ఇదేంటి నాన్నా! ఎవడు వీడు?"

పాత తిట్లన్నీ వెనక్కి జరిపి చదివింది. 'చేతకానివాడివి మంచాన పడి ఉండక నీకు ఆటొకటా?' 'ఏ జన్మలో ఏం పాపం చేశానో, నువ్వు దాపురించావు.' చదివేకొద్దీ ఆమె ముఖం ఎర్రబడింది.

"ముఖం కనపడదంటే ఎంతకైనా తెగిస్తారు! ఎదురుగా ఉంటే ఈ కూతలు కూస్తాడా? ఫిర్యాదు కొడుతున్నా. ఇక ఆ పేరుతో జన్మలో ఆడలేడు."

"పోనీలేమ్మా."

"పోనీలేంటి? అమ్మకు తెలిస్తే ఎంత బాధపడుతుంది!"

ఈలోగా కందిరీగ ఆట కట్టించేసింది. "ఓడావు. పీడా విరగడైంది!"

కుళాయి ఆగింది.

భార్య మాత్ర తీసుకుని వచ్చింది. చేతులకు తడి లేదు. "వేళైందండీ, వేసుకుందామా?" అంది మెత్తగా. తల పట్టుకుని నీళ్లు తాగించి, మూతి తుడిచి, మళ్లీ లోపలికి వెళ్లింది.

కూతురు ఫోన్ అందుకుంది. ఆమె వేలు ఫిర్యాదు మీట మీద ఆనబోతుండగా, తండ్రి కుడిచెయ్యి వణుకుతూ లేచి ఆ వేలిని గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి, "మీ అమ్మ నోరు తెరిచేది అక్కడొక్కచోటే."