కిర్రుమనని తలుపు

దగ్గరికి జరగవే అమ్మాయ్, ఇది కేకేసి చెప్పే సంగతి కాదు.

అత్తగారు స్నానానికి వెళ్లగానే కోడలు స్టూలెక్కి వీధి తలుపు బందుల మీద మిషను నూనె కుమ్మరించింది. కొంగంతా మరకలైంది గానీ కిర్రు ఆగలేదు.

"పైన పోస్తే దిగదే. చీల లాగి, తుప్పు గీకి పుయ్యాలి," అన్నాడు భర్త. "అయినా అమ్మ వద్దంది కదా?"

"ఎందుకు వద్దంటారు? నేనెప్పుడు వస్తున్నానో, పోతున్నానో కనిపెట్టడానికే! ఈ కాపలా నావల్ల కాదండీ, వేరే ఇల్లు చూడండి."

అతను సంచి పట్టుకొని బజారుకు జారుకున్నాడు.

కోడలు పంతంగా చీల లాగింది. గరుకు కాగితంతో తుప్పు రుద్ది, నూనె పూసి, మళ్లీ దిగ్గొట్టింది. బయటికి వెళ్లి తోసి చూస్తే తలుపు వెన్నలా కదిలింది. గెలిచినదానిలా లోపలికొచ్చి, స్నానం ముగించి కుర్చీలో కూర్చున్న అత్తగారి ఎదుట నిలబడింది.

అత్తగారు ఆమె ముఖంలోకే చూస్తూ, బెదురుగా అడిగింది. "ఎవరూ?"

కోడలు వంగి ఆమె కళ్లలోకి చూసింది.

"ఎవరది? పలకరేం?"

"నేనే అత్తయ్యా! కనిపించడం లేదా?"

"అంతా మసకే. వాడు తోస్తే ఒక్క కిర్రు, నువ్వు తోస్తే రెండు. ఆ గుర్తుతోనే నెట్టుకొస్తున్నానే. తెలిస్తే మీకు బరువవుతానని చెప్పలేదు."

కోడలు నూనె చేతులతోనే ఆమె చేతులు పట్టుకుంది. "రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం. అందాకా గుమ్మంలో నేనే పలుకుతాను."

గుర్తుపెట్టుకోవే తల్లీ. అత్తగారి మీద చిర్రుబుర్రులాడే పిల్ల కనిపిస్తే, కూర్చోబెట్టి చెప్పు.