మైనం సంచి

"ఆ సంచి ఇలా పడెయ్!"

సమాధుల తోట గేటు దగ్గర వాచ్‌మన్ అరిచిన అరుపుకి పెద్దక్క పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కనున్న బక్కోడు సంచిని వీపు వెనక దాచబోయాడు. దాచడానికి వాడి వీపెంత! సంచి రెండు పక్కలా బయటికే కనిపించింది.

వాచ్‌మన్ దాన్ని లాక్కుని నేల మీద బోర్లించాడు. కొవ్వొత్తి ముక్కలు గలగలా దొర్లాయి. తెల్లవి, ఎర్రవి, మట్టి అంటుకున్నవి, వత్తి మాడి నల్లబడినవి.

"శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే వినడమేగానీ చూళ్ళేదు. ఇవాళ అదీ చూశాను. సిగ్గులేదూ మీకు?"

"దొంగతనం కాదు బాబాయ్, ఆరిపోయి పడున్నవే ఏరాం. ఎలాగూ నువ్వు ఊడ్చి చెత్తలో పోసేవేగా" అంది పెద్దక్క.

"ఊడిస్తే నేను ఊడుస్తాను. మధ్యలో మీరెవరు? ఇందులో సగం మన సారుగారి సమాధి మీదివే. పదండి, టీచరమ్మ దగ్గరే తేల్చుకుందాం."

సారుగారంటే టీచరమ్మ భర్త, పోయినాయన. ఆవిడ పేరు చెవిన పడగానే పెద్దక్క వాచ్‌మన్ దారికి అడ్డం నిలబడింది. నిలబడదూ మరి? వీధి చివర యువజన సంఘానికి గది ఇప్పించిందే ఆవిడ. 'ఈ పిల్లలకి నేను పూచీ' అని ఆవిడన్న ఒక్క మాట మీద తాళంచెవి పెద్దక్క చేతికొచ్చింది. చదువు మధ్యలో ఆగినవాళ్ళు, పని దొరకనివాళ్ళు, బక్కోడితో కలిపి పద్దెనిమిది మంది సాయంత్రమయ్యేసరికి అక్కడ చేరతారు. పాత పేపర్లతో సంచులు చేస్తారు, చిరిగిన దుప్పట్లతో కాళ్ళు తుడుచుకునే పట్టలు అల్లుతారు. అన్నిట్లోకీ ఇట్టే అమ్ముడుపోయేవి మాత్రం కొవ్వొత్తులు. మరిగే నీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి ముక్కలు కరిగించడం, మసి పోయేలా గుడ్డలో వడకట్టడం, విరిగిన రంగు క్రేయాన్ ఒకటి అందులో పడేసి కాగితం కప్పుల్లో పోయడం. అంతే, ఖర్చులేని పని. మైనం ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని వీళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు టీచరమ్మ నోటివెంట ఒక్క మాట జారిందంటే ఆ గది పోతుంది. పద్దెనిమిది మందీ మళ్ళీ వీధరుగుల మీదే.

"నీ కాళ్ళు పట్టుకుంటా బాబాయ్, ఆవిడకి మాత్రం చెప్పకు."

"నా కాళ్ళెందుకమ్మా, ఆ పట్టుకునేదేదో ఆవిడవే పట్టుకో."

టీచరమ్మ వరండాలో కూర్చుని దిండు గలీబుకి గుండీ కుట్టుకుంటోంది. వాచ్‌మన్ ముక్కలు తిరిగి నింపిన సంచిని ఆవిడ ముందు పెట్టి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాడు. మధ్యలో కాస్త ఉప్పూ కారం తనవి కూడా చల్లాడు. ఆవిడ సూది పక్కన పెట్టి సంచిలోంచి ఓ ముక్క తీసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పెద్దక్క తలెత్తలేదు.

"నిజమేనా?"

"నిజమే టీచరమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది."

"విన్నారుగా!" అన్నాడు వాచ్‌మన్. "ఊఁ అనండి చాలు, సాయంత్రానికల్లా ఆ గది మూయించేస్తాను."

బక్కోడు పెద్దక్క మోచేతి మీద గిల్లాడు. ఇక నోరు మూసుకో అని దానర్థం. పెద్దక్క వినిపించుకోలేదు.

"ఇంకోటుంది టీచరమ్మా. మీరు ప్రతి శనివారం మా దగ్గర కొంటారే, అవీ వీటితో చేసినవే. మీరు సారుగారి కోసం వెలిగించినవే తెచ్చి, కరిగించి, మళ్ళీ మీకే అమ్మాం."

పెద్దక్కకి ఏడుపు ఆగలేదు.

"ఎవరడిగారే నిన్ను?" అని గొణిగాడు బక్కోడు. "చెప్పకపోతే ఆవిడకి తెలిసేదా?"

"తెలిసేది కాదు. కానీ శనివారం ఈవిడ మొహం చూసి మళ్ళీ అమ్మాల్సింది నేనురా!"

పెద్దక్క కళ్ళు తుడుచుకుని కొంగు ముడి విప్పింది. తాళంచెవి తీసి టీచరమ్మ ఒళ్ళో పెట్టింది.

"గాలికి ఆరిపోయాయి, ఇక ఎవరికీ పనికిరావు అనుకున్నాం. సారుగారి దీపమన్న ఆలోచనే రాలేదు. తప్పు నాది, మిగతావాళ్ళని ఏమీ అనకండి."

టీచరమ్మ ఆ తాళంచెవిని చేతిలోకి తీసుకుంది. పెద్దక్క చెయ్యి దగ్గరికి లాక్కుని, తాళంచెవి అరచేతిలో పెట్టి, గుప్పిట మూసింది.

వాచ్‌మన్‌కి ఒళ్ళు మండిపోయింది. "అదేంటమ్మా! సారుగారి దీపాన్ని అమ్ముకున్నవాళ్ళకి మళ్ళీ తాళం చేతికిస్తారా?"

"సారుగారు బతికున్నన్నాళ్ళూ మనిషి లేని గదిలో లైటు వెలిగితే ఊరుకున్నారా?" అంది టీచరమ్మ. పెద్దక్క చెంపలు తన కొంగుతో తుడిచింది.

"ఆ సమాధి పక్కనే అంత ఎత్తు గోడుంటే గాలెక్కడిదే పిచ్చిదానా? మీకు మైనం మిగలాలని వారం వారం సగం కాలగానే ఊదేసి వస్తున్నది నేను!"