సింబల్స్ సంబంధం

అబ్బాయిని చూడ్డానికి కుటుంబమంతా సినిమా హాలుకు బయల్దేరింది.

అబ్బాయి నటుడు కాదు. పెద్ద వాద్యబృందంలో సింబల్స్ వాయిస్తాడు. అంటే చేతికొక ఇత్తడి పళ్ళెం పట్టుకుని, రెండింటినీ ఢీకొట్టించడం. ఎదుట నిలబడి పుల్ల ఊపుతూ వాద్యగాళ్ళను నడిపించే పేరుమోసిన కండక్టర్ ఒకాయన ఆ బృందం చేత చేయించిన సింఫనీ కచేరీని చిత్రీకరించి, ఆదివారం పొద్దుటి ఆటగా వేస్తున్నారు.

గుండీల వర్తకుడికి ఇద్దరు కూతుళ్ళు. చేసుకుంటే ఈ అబ్బాయినే చేసుకుంటానని చిన్నమ్మాయి పట్టుబట్టింది. పెద్దల్లుడిదీ ఆ బృందంలోనే ఉద్యోగం. “బంగారంలాంటి కుర్రాడండీ, మామయ్యగారూ” అని ఆరు నెలలుగా చెబుతున్నాడు.

“మీ చోట పనిచేసేవాణ్ణి మీరు మెచ్చుకోక ఏం చేస్తారు? నోటిమాట మీద నేను సరుకు దించుకోను. ఇంటికొచ్చి కాఫీ తాగిపోతే మనిషి తెలుస్తాడా? పనిలో చూడాలి. చూసి అవునో కాదో చెబుతా. కాదంటే ఇంక ఈ మాట ఎవరూ ఎత్తకూడదు” అన్నాడు గుండీల వర్తకుడు.

ఆరో వరసలో ఐదు సీట్లు. పెద్దల్లుడు మొహమాటస్తుడు. టోపీ కిందికి లాక్కుని, దీపాలు ఆర్పాక వచ్చి మామగారి పక్కన కూర్చున్నాడు. అత్తగారు పాప్‌కార్న్ డబ్బా అతని ఒళ్ళో పెట్టింది.

తెర వెలిగింది. ఎనభై మంది వాద్యగాళ్ళు. వర్తకుడికి ముందు కనిపించింది వాళ్ళ కోట్లు.

“ఆ వయొలిన్ ఆవిడ గుండీలు చూడవే, మన కొట్టువే! నాలుగు రంధ్రాల నల్లవి!”

“గుండీలు కాదు నాన్నా, వెనక వరస చూడు!”

వెనక వరసలో, డోళ్ళ పక్కన, అబ్బాయి ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు.

పది నిమిషాలైంది. అరగంటైంది. వయొలిన్లు పరుగులు తీశాయి, బూరలు గర్జించాయి. అబ్బాయి కూర్చునే ఉన్నాడు.

“ఇతనికి పనెప్పుడు?”

“ఒకటే దెబ్బ, మామయ్యగారూ. యాభై ఎనిమిదో నిమిషంలో” అన్నాడు పెద్దల్లుడు.

“గంటకో దెబ్బా!”

“ఊరికే కూర్చోలేదు నాన్నా, లోపల లెక్కపెడుతున్నాడు. ఒక్క అంకె తప్పితే కొంప మునుగుతుంది” అని చిన్నమ్మాయి గుసగుసలాడింది.

వర్తకుడు తెరను ఎగాదిగా చూసి భార్య వైపు ఒరిగాడు.

“ఇతనే నయమే. ఆ మధ్యలో ఆయన్ని చూడు. పుల్ల పట్టుకుని ఒకటే ఊపుడు. ఒక్క చప్పుడు చేస్తే ఒట్టు! పైగా వచ్చిన జనానికి వీపు చూపించడం. మన కొట్టులో అలా నిలబడితే ఒక్కడైనా గడప తొక్కుతాడా?”

“ఆ జుట్టో? దువ్వెన మొహం చూసి ఎన్నాళ్ళైందో!” అంది ఆవిడ.

పెద్దమ్మాయి పకపకా నవ్వింది. పాప్‌కార్న్ డబ్బా ఊగింది. “చేతులు కదపకండి, ఒలికిపోతోంది” అని మొగుణ్ణి గదమాయించింది.

యాభై ఏడో నిమిషం. వాద్యాలన్నీ మెట్లెక్కుతున్నట్టు పైకి, ఇంకా పైకి లేస్తున్నాయి. అబ్బాయి లేచి నిలబడ్డాడు. పళ్ళేలు అందుకున్నాడు. చిన్నమ్మాయి అక్క చెయ్యి నలిపేస్తోంది. తల్లి సీటు అంచుకు జరిగింది. పళ్ళేలు ఎడంగా లేచాయి.

సరిగ్గా అప్పుడే, తెరనిండా కండక్టర్ మొహం.

ఝణ్ణ్!

“అయ్యయ్యో, అడ్డం తప్పుకో బాబూ!” అని అత్తగారు అరిచేసింది. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి ‘ష్‌’ అన్నారు.

మళ్ళీ చూపించేసరికి అబ్బాయి కూర్చుని ఉన్నాడు. చేతులు ఖాళీ. మరో రెండు నిమిషాల్లో సింఫనీ ముగిసింది. తెర మీద చప్పట్లు మోగాయి. చిన్నమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇంత దూరం వచ్చి, చూడాల్సింది చూడనేలేదు” అంది తల్లి.

“చూశాను” అన్నాడు వర్తకుడు.

“ఏం చూశారు? ఆయన మొహమేగా!”

“అదే చూశాను. దెబ్బ పడగానే ఎలా వెలిగిందనుకున్నావ్! ముప్పై ఏళ్ళుగా పనివాళ్ళను పెట్టుకున్నవాణ్ణి, నాకు తెలీదా? గంటసేపు బేరం తగలకపోయినా కొట్టు వదలని మనిషి దొరికితే యజమాని మొహం అలాగే ఉంటుంది. నోటిమాటలు నమ్మను గానీ, ఆ మొహం మాత్రం అబద్ధమాడదు. పెళ్ళికి నేను సరే.”

చిన్నమ్మాయి కెవ్వుమంది. పాప్‌కార్న్ గాల్లోకి లేచింది. ఆరో వరసంతా లేచి చప్పట్లు కొట్టింది.

“ఆరు నెలలుగా ఇదే మొహంతో మీ ఎదురుగా కూర్చుని చెబుతుంటే నమ్మలేదు కదా, మామయ్యగారూ!” అన్నాడు పెద్దల్లుడు, తెర మీద పుల్ల చంకలో పెట్టుకుని జనానికి వంగి నమస్కరిస్తున్న తనను తానే చూసుకుంటూ.